ఏడో ట్యాంకులో రెండు డిగ్రీలు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక, మధ్యలో ఇద్దరు యోధులు, లక్షల ప్రాణాలు, ఒక సింహాసనం, ఒక ద్రోహం. చదివేవాళ్ళు కాస్త కుదురుగా కూర్చోండి.

నిజం చెప్పాలంటే సముద్రం, ఇసుక మాత్రమే చెప్పినట్టు ఉన్నాయి. యోధులిద్దరూ నెలజీతం ఎలక్ట్రీషియన్లు. లక్షల ప్రాణాలంటే రొయ్య పిల్లలు, ఒక్కోటీ కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. సింహాసనం అంటే చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. యుద్ధం జరిగింది నీళ్ళలో రెండు డిగ్రీల వేడి గురించి. ద్రోహం మాత్రం నిజమే. అది చేసింది నేనే కాబట్టి దాన్ని కూడా కొంచెం తగ్గించే చెప్తాను.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోటలు అయిపోయిన చోట మా హ్యాచరీ ఉంటుంది. రొయ్య గుడ్లు పొదిగించి, పిల్లల్ని కొన్నాళ్ళు పెంచి, గుంతలు పెట్టుకున్న రైతులకి ఇచ్చే చోటది. పొడుగాటి రేకుల షెడ్డు. అందులో వరసగా ఎనిమిది సిమెంటు ట్యాంకులు, ఒక్కో ట్యాంకుకి ఒక్కో హీటరు. షెడ్డు ఈ చివర ప్యానెల్ గది. ఆ గదిలోంచి ఎనిమిది వైర్లు బయల్దేరి, నడవా కింద సిమెంటు పలకలు మూసిన కాలవలోంచి ఎవరి ట్యాంకుకి అవి పోతాయి.

చలికాలంలో నీళ్ళు ముప్పై ఒక్క డిగ్రీలుండాలి. తగ్గినంత మాత్రాన రొయ్య పిల్ల చచ్చిపోదు. అలుగుతుంది. తిండి తగ్గించి, పెరగాల్సిన రోజుకి పెరగకుండా, పక్క ట్యాంకులో అదే రోజు పుట్టిన వాటి కంటే చిన్నగా కనబడుతుంది. పక్కవాళ్ళు ముందుకు పోతుంటే చూస్తూ కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆ డిసెంబరులోనే తెలిసింది. ఈ ఒక్క విషయంలో రొయ్య పిల్లకీ నాకూ పెద్ద తేడా లేదు.

మా పాత ఇన్‌చార్జి పెద్దాయన వానలు తగ్గగానే పని మానుకుని కోవూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన లేస్తే ఆ కుర్చీ నాదే అని నేను ఎప్పుడో తీర్మానించుకున్నాను. మూడేళ్ళుగా ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తీర్మానించుకునే హక్కు నడుం నొప్పితో సంపాదించాను. ఇన్‌చార్జి అంటే మూడు లాభాలు. ప్యానెల్ గది తాళం మన దగ్గరుంటుంది. చేతులున్న కుర్చీ మనదవుతుంది. మేనేజరు గారు మనల్ని "ఏరా" అనడం మానేసి "ఏమయ్యా" అంటాడు. నాకు ముఖ్యంగా కావాల్సింది మూడోది. తాళం చెవి పోగొట్టుకునే అలవాటు నాకెట్లాగూ ఉంది.

నవంబరు చివర్లో మేనేజరు గారు ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"ఈ అబ్బాయిది బుచ్చిరెడ్డిపాలెం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినాడు. ఈ నెలంతా ఇద్దరూ చెయ్యండి. ఇన్‌చార్జి ఎవరనేది నెలాఖరుకి చెప్తా," అన్నాడు.

ఆ కుర్రాడు నాకంటే రెండేళ్ళు చిన్న. చేతులు జోడించి "నమస్తే అన్నా" అన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. రొయ్యల హ్యాచరీకి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషిని నేను అదే చూడటం. ఆ వాసనకి మధ్యాహ్నానికల్లా ఏ చొక్కా అయినా ఒకటేనని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ క్షణం నుంచి మనసులో వాడి పేరు డిప్లొమా అని పెట్టుకున్నాను. తర్వాత షెడ్డంతా అట్లాగే పిలిచారు. వాడేమో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. పేరు పెట్టినందుకు నాకు దక్కిన సంతోషం కూడా అట్లా పోయింది.

మొదటి రోజే వాడొక నోటుపుస్తకం తీశాడు. అట్ట వేసి, లేబుల్ అంటించి ఉంది. ఎనిమిది హీటర్లూ ఒక్కోటీ ఆన్ చేసి, ప్యానెల్ దగ్గర నిలబడి, మీటరుతో వోల్టులు చూశాడు. తర్వాత టాంగ్ టెస్టర్ తీసి ఆంపియర్లు చూశాడు. టాంగ్ టెస్టర్ అంటే పటకారు లాంటిది. వైరు కొయ్యకుండా, దాన్ని నోట కరుచుకుని, లోపల ఎంత కరెంటు పోతోందో చెప్తుంది. మా షెడ్డులో అదొకటి మూడేళ్ళుగా ఉంది. మేం దాన్ని లాగుబుక్కు మీద కాయితాలు ఎగిరిపోకుండా పెట్టేవాళ్ళం.

వాడు వోల్టుల్ని ఆంపియర్లతో భాగించాడు. అది రెసిస్టెన్సు, అంటే హీటరు లోపలి తీగ కరెంటుని ఎంత అడ్డుకుంటోందో ఆ లెక్క. దాన్ని ఓములు అంటారు. తర్వాత అవే రెండంకెల్నీ గుణించాడు. అది పవరు, ఎన్ని వాట్ల వేడి పుడుతోందో ఆ లెక్క. రెండు వందల ముప్పై వోల్టులు, ఎనిమిదిన్నర ఆంపియర్లు. భాగిస్తే ఇరవై ఏడు ఓములు, గుణిస్తే పందొమ్మిది వందల యాభై అయిదు వాట్లు. రెండు వేల వాట్ల హీటరుకి అది బాగున్నట్టే. ఇదంతా కాలిక్యులేటర్ లేకుండా, పైకప్పు రేకుల వైపు చూస్తూ చేశాడు. నేను కూడా రేకుల వైపు చూశాను. అక్కడేం రాసి లేదు.

నా పద్ధతి వేరుగా ఉండేది. ట్యాంకు పక్కన నిలబడి అరచెయ్యి నీళ్ళలో పెట్టేవాణ్ణి. వెచ్చగా ఉంటే హీటరు పనిచేస్తున్నట్టు, లేకపోతే లేనట్టు. మూడేళ్ళలో ఈ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. తప్పితే తెలుసుకునే మార్గం కూడా ఈ పద్ధతిలో లేదు.

డిప్లొమా ఆ అంకెల్ని తెల్ల టేపు మీద రాసి ఒక్కో ట్యాంకుకి అంటించాడు. మేనేజరు గారు వచ్చి, పెళ్ళి పత్రిక చదివినట్టు ఒక్కోటీ నిదానంగా చదివాడు. అంతా చదివి, "ఇట్లా ఉండాల పని," అన్నాడు. ఎవరితో అన్నాడో చెప్పలేదు కానీ ఆ వైపున నేనొక్కణ్ణే ఉన్నాను.

అసూయ కడుపులో మంటగా మొదలవుతుందని విన్నాను. నాకు వంటగదిలో మొదలైంది. మాకు వండి పెట్టే అక్క కాయిల్ పొయ్యి మీద వండేది. దాని కాయిల్ తెగినప్పుడల్లా రెండు కొసలూ లాగి మెలిపెట్టుకునేది. అప్పటి నుంచి అన్నం అడుగంటుతోందని నాతో రెండుసార్లు చెప్పింది. పొయ్యి పాతదయిందిలే అక్కా, పాతవి అంతే అని నేను రెండుసార్లూ ఓదార్చాను. డిప్లొమా ఒక పూట దాన్ని తిప్పి చూశాడు. తెగిన ప్రతిసారీ కొంత కాయిల్ ఊడిపోయి పొట్టిదైందని, పొట్టిదైతే అడ్డం తగ్గుతుందని, అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ పోతుందని, అందుకే పొయ్యి ఉండాల్సిన దానికంటే ఎక్కువ మండుతోందని చెప్పి, కొత్త కాయిల్ తెచ్చి వేశాడు. ఆ రోజు నుంచి వంజరం పులుసులో నడుం ముక్క వాడి కంచంలో, తోక నా కంచంలో. మూడేళ్ళుగా నడుం ముక్క నాది. అక్కని అడిగితే, "నువ్వు ముల్లు బాగా తీసుకుంటావులేరా అబ్బయా," అంది. అందరి ముందూ పొగిడి అన్యాయం చెయ్యడం కూడా ఒక విద్యే.

అప్పటి నుంచి వాడి మీద నాకు నచ్చనివన్నీ రోజూ పోగేసుకున్నాను. వాడు టీ గ్లాసు కడిగి పెడతాడు. మోటారు ముట్టుకునే ముందు స్విచ్చి ఆపాడో లేదో రెండుసార్లు చూస్తాడు. తెలియనిది తెలియదంటాడు. వాడి నోటుపుస్తకంలో ఎర్రసిరా, నీలంసిరా వేరువేరుగా ఉంటాయి. ఇందులో ఒక్కదానికైనా మనిషిని తిట్టడానికి వీలుందా. అదే నా బాధ.

డిసెంబరు రెండో వారంలో చలి దిగింది. ఎనిమిది హీటర్లూ రోజంతా నడపడం మొదలుపెట్టాం. మూడో రోజుకి ఏడు ట్యాంకులు ముప్పై ఒకటికి వచ్చాయి. ఏడో నంబరు ట్యాంకు మాత్రం ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. అది షెడ్డు ఆ చివర, సముద్రం వైపు ఉంటుంది. గాలి తగులుతోందని నేనన్నాను. ఎనిమిదో నంబరు దానికంటే ఇంకా గాలిలో ఉందని డిప్లొమా మర్యాదగా గుర్తుచేశాడు.

వాడు ప్యానెల్ దగ్గర మళ్ళీ కొలిచాడు. వోల్టులు రెండు వందల ముప్పై, మాకు స్టెబిలైజరు ఉంది కాబట్టి అది కదలదు. ఆంపియర్లు ఏడు ముప్పావు. భాగిస్తే ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు ఓములు. గుణిస్తే పదిహేడు వందల ఎనభై రెండు వాట్లు. నవంబరులో కొలిచినప్పుడే ఈ ఏడు ముప్పావుని నీలంసిరాతో రాసి, పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టుకున్నాడట. హీటరు లోపలి తీగ అరిగిపోయి అడ్డం పెరిగిందని, మార్చాలని చెప్పాడు. మా దగ్గర కొత్త హీటర్లు రెండే ఉన్నాయి. మేనేజరు గారు ఒకటి ఇచ్చాడు. శనివారం మధ్యాహ్నం మార్చాడు.

మళ్ళీ కొలిచాడు. ఏడు ముప్పావు. ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు.

వాడు రేకుల వైపు చాలాసేపు చూశాడు. ఈసారి రేకులు వాడికి కూడా ఏం చెప్పలేదు. నాకు కలిగిన ఆనందం రాయడానికి మాటలు లేవంటారు కదా, నాకు ఉన్నాయి. తోక ముక్క ఆ రోజు నడుం ముక్క లాగే ఉంది.

కానీ అసూయలో ఒక ఇబ్బంది ఉంది. ఎదుటివాడు ఓడిపోతే చాలదు, ఎందుకు ఓడిపోయాడో కూడా మనకే తెలియాలి. ఆ రాత్రికి రాత్రి కాదులెండి, నిద్ర ఆపుకునేంత పట్టుదల నాకు లేదు. ఆదివారం పొద్దున లేచి, అటక మీద నుంచి నా ఐటీఐ పుస్తకం దించాను. చదివే రోజుల్లో అది ఎంత కొత్తగా ఉందో ఇప్పుడూ అంతే కొత్తగా ఉంది. టాంగ్ టెస్టర్, మీటరు అంతకు ముందు సాయంత్రమే సంచిలో వేసుకొచ్చాను.

మా అమ్మ చర్చికి తెల్ల చీర ఇస్త్రీ చేసుకుంటోంది. ముందు గోడ ప్లగ్గులో పెట్టి కొలిచాను, ఇస్త్రీ పెట్టె నాలుగు పాయింట్ మూడు ఆంపియర్లు తాగుతోంది. చీర వరండాలో పరుచుకుని చేస్తే వెలుతురు బాగుంటుందని అమ్మ ఎక్స్‌టెన్షన్ తెమ్మంది. ఆ ఎక్స్‌టెన్షన్ నేను చేసిందే. పందిట్లో మైక్‌సెట్‌కి లాగగా మిగిలిపోయిన సన్నటి జంట తీగతో, ముప్పై మీటర్లు. దాని చివర పెట్టి కొలిస్తే నాలుగు పాయింట్ ఒకటికి తగ్గింది. పెట్టె అదే, ఇల్లు అదే. వోల్టులు చూశాను. గోడ దగ్గర రెండు వందల ముప్పై. తీగ చివర రెండు వందల ఇరవై. పది వోల్టులు దారిలో తీగే మింగేసింది.

లెక్క మర్చిపోకుండా గోడకున్న క్యాలెండరు కాయితం చింపి వెనక రాశాను.

"చర్చికి పోకముందే ఆదివారాన్ని చింపేసినావేందిరా," అంది అమ్మ. "ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదని నేను చెప్తే వినవు, దాన్ని అడిగి తెలుసుకుంటా ఉండావు."

అమ్మ మాట పూర్తయ్యేలోపు నాకు గుర్తొచ్చింది. అదే జంట తీగ ఇంకో ముక్క ఎక్కడ ఉందో.

ఎండాకాలంలో హ్యాచరీలో మురుగు కాలవ తవ్వుతుంటే గడ్డపార తగిలి ఏడో ట్యాంకు వైరు తెగింది. నీళ్ళు దిగి ఇరవై మీటర్లు పాడయింది. అప్పుడు హీటర్లతో పని లేదు. పెద్దాయన సెలవులో ఉన్నాడు. నేను మా ఇంటి నుంచి ఆ సన్న తీగ తెచ్చి, మధ్యలో అతికి, టేపు చుట్టి, పలక మూసేశాను. తాత్కాలికంగా. మా హ్యాచరీలో తాత్కాలికం అంటే ఎవరికైనా షాకు కొట్టేదాకా అని అర్థం.

కాయితం మీద మిగతా లెక్క చేశాను. హీటరు మీద రాసున్న రెండు వేల వాట్ల ప్రకారం దాని రెసిస్టెన్సు ఇరవై ఆరున్నర ఓములు. వైరులో పోయే కరెంటే హీటరులోనూ పోతుంది కాబట్టి, ఏడు ముప్పావు ఆంపియర్లతో గుణిస్తే హీటరుకి అందుతున్నది రెండు వందల అయిదు వోల్టులు. ప్యానెల్ దగ్గర రెండు వందల ముప్పై. తేడా ఇరవై అయిదు. ఆ ఇరవై అయిదుని ఏడు ముప్పావుతో భాగిస్తే మూడు పాయింట్ రెండు ఓములు, అది దారిలో ఉన్న అడ్డం. గుణిస్తే నూట తొంభై నాలుగు వాట్లు, అది నడవా కింద ఇసుకలో పుడుతున్న వేడి. హీటరు దాకా చేరుతున్నది పదిహేను వందల తొంభై. డిప్లొమా లెక్క తప్పు కాదు. వాడు హీటరుని కొలుస్తున్నాననుకుని, హీటరునీ నా తీగనీ కలిపి కొలుస్తున్నాడు. ఎన్ని హీటర్లు మార్చినా నా తీగ మారదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చలి మొదలైనప్పటి నుంచి మా ట్యాంకు పనివాళ్ళు తడి తువ్వాళ్ళు అన్నీ ఏడో ట్యాంకు ముందున్న ఒకే పలక మీద ఆరేస్తున్నారు. హ్యాచరీ పిల్లి కూడా దాని మీదే పడుకుంటోంది. ఆ పలక వెచ్చగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎందుకు వెచ్చగా ఉందని ఒక్కరూ అడగలేదు. మేం అట్లాంటివాళ్ళం. వెచ్చగా ఉన్నదాన్ని ప్రశ్నించం.

చర్చిలో ఆ పూట అయ్యగారు ఏం చెప్పాడో నాకు తెలీదు. నేను జేబులో కాయితం తడుముకుంటూ కూర్చున్నాను. చెప్తే తప్పు నాదని తేలుతుంది, కుర్చీ పోతుంది. చెప్పకపోతే డిప్లొమా ఇంకో హీటరు మారుస్తాడు, ఇంకోసారి ఓడిపోతాడు, నెలాఖరు వస్తుంది. నేను అంత చెడ్డవాణ్ణి కాదని చెప్పుకోవడానికి ఒక్క ఆధారం ఉంది. నిర్ణయం తీసుకోవడానికి మూడో కీర్తన దాకా పట్టింది.

సోమవారం వాడు రెండో కొత్త హీటరు కూడా పెట్టాడు. నేనే పట్టుకుని సాయం చేశాను. స్పానర్లు అందించాను. బోల్టు జారితే వెతికిచ్చాను. అంత మంచిగా నేను ఎవరికీ ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఏడు ముప్పావే వచ్చింది. మేనేజరు గారు ఆ రోజు తెల్ల టేపు చదవలేదు. "నీకు చదువు చెప్పినోళ్ళు హీటర్లు అమ్ముకుంటారా ఏంది," అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

డిప్లొమా మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. నడుం ముక్క కంచంలో అట్లాగే ఉంది. నేను దాన్ని చూశాను. అడగలేదు. మనిషన్నాక కొన్ని హద్దులుంటాయి.

మంగళవారం పొద్దునకి ఏడో ట్యాంకు పిల్లలు మిగతా వాటికంటే ఒక దశ వెనకబడ్డాయని ల్యాబ్ నుంచి కబురొచ్చింది. డిప్లొమా మొహం పీక్కుపోయి ఉంది. ఇక కొత్త హీటర్లు లేవు కాబట్టి, బాగా నడుస్తున్న ఆరో నంబరు హీటరు ఊడదీసి ఏడులో పెట్టి చూస్తానన్నాడు. అట్లా చేస్తే ఆ పూట ఆరో ట్యాంకు కూడా చల్లబడుతుంది. మేనేజరు గారు నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వాడు ఆరో నంబరు స్విచ్చి ఆపి, స్పానరు చేతిలోకి తీసుకుని, నా వైపు తిరిగాడు.

"అన్నా, నాకు తట్టలా," అన్నాడు. "మూడు హీటర్లకీ ఒకటే లెక్క వస్తా ఉండాది. నువ్వు మూడేళ్ళుగా ఈడ ఉండావు. నేను యాడ తప్పుతున్నానో చెప్పన్నా."

ఆరో ట్యాంకు పిల్లల మీద జాలేసి నోరు విప్పానని ఇప్పుడు రాసుకోవచ్చు. వాడి మొహం చూసి కరిగిపోయానని కూడా రాసుకోవచ్చు. చదివేవాళ్ళకి ఏది నచ్చితే అది. జరిగింది మాత్రం ఇది. రెండు రోజులుగా నా జేబులో ఒక అద్భుతమైన లెక్క ఉంది. బతుకులో మొదటిసారి నాకొక లెక్క వచ్చింది, డిప్లొమా చదివినవాడికి రాలేదు. అది ఎవరికీ చెప్పకుండా ఉండటం ఇక నా వల్ల కాలేదు. వాణ్ణి ఓడించాలనే కోరిక కంటే, ఓడించినట్టు వాడికి తెలియాలనే కోరిక పెద్దదని అప్పుడే అర్థమైంది.

"లెక్క కరెక్టే అబ్బయా," అన్నాను. "వోల్టులు నువ్వు ఈడ చూస్తా ఉండావు. హీటరు ఆడ ఉండాది."

ఇక ఆగలేదు. సుద్ద తీసుకుని ప్యానెల్ గది గోడ మీద మొదలుపెట్టాను. ఇరవై ఆరున్నర ఓములు, ఏడు ముప్పావు ఆంపియర్లు, రెండు వందల అయిదు వోల్టులు. మధ్యలో అంకె మర్చిపోతే జేబులోంచి కాయితం తీసి చూసుకున్నాను. దారిలో పోతున్నది ఇరవై అయిదు వోల్టులు, అడ్డం మూడు పాయింట్ రెండు, వృథా అవుతున్నది నూట తొంభై నాలుగు వాట్లు. కింద రెండు గీతలు కూడా గీశాను. డిప్లొమా నోరు తెరుచుకుని చూశాడు. వెంటనే మీటరు తీసుకుని ఏడో ట్యాంకు దగ్గరికి పరిగెత్తి, హీటరు పెట్టె మూత తీసి కొలిచి, అక్కడి నుంచి రెండు వందల అయిదు అని అరిచాడు. ఆ అరుపులో ఏడుపు లేదు, అసూయ లేదు, సంతోషం ఉంది. అది నాకు కొంచెం నిరాశ కలిగించింది.

మేనేజరు గారు గోడ మీద లెక్కంతా చదివాడు. తల ఊపాడు. మూడేళ్ళలో మొదటిసారి నా వైపు చూసి, "బాగుందయ్యా," అన్నాడు. అయ్యా అన్నాడు. ఆ మాట చెవుల్లో ఇంకా పూర్తిగా దిగకముందే రెండో మాట వచ్చింది.

"అయితే ఆ ఇరవై అయిదు వోల్టులూ మింగేది, దార్లో ఏముండాది?"

దారిలో ఏముందో ఆ షెడ్డులో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే. లెక్క చెప్పే ఊపులో ఈ ప్రశ్న వస్తుందని నేను ఆలోచించలేదు. ఐటీఐ పుస్తకంలో లెక్క పూర్తయ్యాక కింద జవాబు ఉంటుంది. జవాబు తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

నడిచి వెళ్ళి, ఏడో ట్యాంకు ముందు పలక మీది తువ్వాళ్ళు తీశాను. పిల్లిని లేపాను. అది నన్ను చూసిన చూపు మేనేజరు గారి చూపు కంటే నయంగా ఏం లేదు. ఏడో నంబరు స్విచ్చి ఆపించి పలక ఎత్తాను. ఉప్పుకి పచ్చబడిన రాగి, మెత్తబడి జారిన టేపు, మైక్‌సెట్ తీగ. ఇంత అతుకు ఎవడేసినాడని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. ఎండాకాలంలో నేనేనని ఒప్పుకున్నాను. పెద్దాయన సెలవులో ఉన్నాడని కూడా చేర్చాను, అది ఎవరూ పట్టించుకోలేదు.

మేనేజరు గారు నా చేతిలోని కాయితం తీసుకున్నాడు. లెక్క చూసి, వెనక్కి తిప్పాడు. వెనక ఎర్ర అంకె పెద్దగా ఉంది. మా ఇంటి క్యాలెండరులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి. అందరి ఇళ్ళలోనూ అంతే.

"ఇది ఆదివారం కాయితం," అన్నాడు. "నిన్న ఆ రెండో హీటరు మార్చేటప్పుడు నీకు తెలుసు."

 డిప్లొమా నా వైపు చూశాడు. నిన్న బోల్టు వెతికిచ్చిన సంగతి వాడికి గుర్తొచ్చినట్టుంది. తిడతాడేమో అని చూశాను. తిట్టలేదు. "ఆ లెక్క నాకు తట్టలా అన్నా," అని మాత్రం అన్నాడు. నిజంగా మెచ్చుకుంటున్నాడు. తిట్టుంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

"తెలియక తప్పు చేసినోడికి చెప్పొచ్చు," అన్నాడు మేనేజరు గారు. "తెలిసి ఊరుకున్నోడికి ఏం చెప్పేదిరా."

గంభీరమైన మాటే. కాకపోతే ఆయన నోట్లో వేరుశనక్కాయలున్నాయి, అందువల్ల మధ్యలో ముక్క సరిగా వినబడలేదు. చివర "రా" తిరిగొచ్చిందని మాత్రం స్పష్టంగా తెలిసింది. నెలాఖరు దాకా ఆగకుండా ఆ పూటే తాళం చెవి తీసి డిప్లొమా చేతిలో పెట్టాడు. ఆరో నంబరు స్విచ్చి మళ్ళీ ఎవరు వేశారో గమనించలేదు, ఎవరో వేసే ఉంటారు, ఆ ట్యాంకు బాగానే ఉంది.

నేను స్టూలు మీద కూర్చుని కాసేపు నా బాధ అనుభవిద్దామనుకున్నాను. వాడు వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ వోల్టుల సంగతి ఎట్లా పట్టుకున్నానో చెప్పమన్నాడు. అమ్మ ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పాను. వాడు నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నాడు, వోల్టులు పని జరిగే చోట చూడాల అని. కింద నా పేరు రాయమంటావా అని అడిగాడు. వద్దన్నాను. రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. వాడి మీద అసూయ తగ్గిందా అని ఎవరైనా అడిగితే, లేదు. ఇంతకు ముందు వాడి తెలివి మీద ఉండేది, ఇప్పుడు వాడి స్వభావం మీద కూడా ఉంది. మొత్తం మీద పెరిగింది.

మరుసటి రోజు ఇన్‌చార్జిగా వాడి మొదటి నిర్ణయం, ఏడో నంబరుకి ప్యానెల్ నుంచి హీటరు దాకా మందపాటి కొత్త వైరు, మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా వెయ్యాలని. నేను పలకలు ఎత్తాను, వాడు వైరు కట్ట విప్పుకుంటూ నడిచాడు.  ప్యానెల్ దగ్గర మలుపు తిప్పి, షెడ్డు పొడుగునా పరిచి, హీటరు పెట్టె దగ్గరికి చేర్చబోతే కొస అందలేదు. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను అతుక్కి చుట్టే టేపు తీసుకొచ్చాను.

వైరు కట్ట తొంభై మీటర్లే వస్తుంది. ప్యానెల్ నుంచి ఏడో ట్యాంకుకి తొంభై నాలుగు.